మంట రంగు చెప్పే సంగతులు: భివండీ గ్యాస్ పొయ్యి నుంచి గుంటూరు గ్రహణం దాకా

గ్యాస్ మంట రంగు మారడానికి ప్రధానంగా రెండు కారణాలు ఉన్నాయి. మండుతున్న గ్యాస్‌కు అందవలసిన గాలి అందకపోతే రంగు మారుతుంది. బయటి పదార్థం ఏదైనా, కంటికి కనిపించనంత కొద్దిపాటిదైనా సరే, మంటలోకి చేరితే అప్పుడూ రంగు మారుతుంది. మొదటి మార్పు గ్యాస్ పూర్తిగా మండుతున్నదా లేదా అన్న సంగతి చెబుతుంది. రెండో మార్పు మంటలోకి చేరిన పదార్థంలో ఏ మూలకం ఉన్నదో చెబుతుంది. చిక్కల్లా ఏమిటంటే, కారణాలు రెండైనా చాలా సందర్భాల్లో కంటికి కనిపించేది ఒకే రంగు, పసుపు. ఆ పసుపు గాలి కొరత వల్ల వచ్చిందా, పరాయి పదార్థం వల్ల వచ్చిందా అని వేరుచేసి చూడగలగడమే ఈ విషయంలో నేర్చుకోవలసిన అసలు విద్య. వంటింటి భద్రతకూ, మిల్లులో బట్ట నాణ్యతకూ, చివరికి సూర్యుడిలో ఏమున్నదో తెలుసుకోవడానికీ ఆధారమైనది ఆ విద్యే.

ఈ రెండు కారణాలూ ఒకే చోట, నిత్యం ఎదురయ్యే ఊళ్లలో భివండీ ఒకటి. మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, ముంబైకి ఈశాన్యంగా ఉన్న ఈ పట్టణం దేశంలోని అతి పెద్ద మరమగ్గాల కేంద్రాల్లో ఒకటిగా పేరు పొందింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు పద్మానగర్, కామత్‌ఘర్ వంటి పేటల్లో స్థిరపడి, సిరిసిల్ల వాళ్లు సాంచాలు అని పిలుచుకునే ఈ మరమగ్గాల మీదనే బతుకు సాగించాయి. పడుగు పోగులు సాంచాలో రాసుకున్నప్పుడల్లా దూది నూగు, దానితోపాటు ఎండిన గంజి పొడి రాలి గాలిలో తేలుతాయి. కార్ఖానాలూ ఇళ్లూ ఒకే గల్లీలో కలిసి ఉన్న చోట ఆ నూగు కిటికీల మీద, గోడల మీద పేరుకున్నట్టే గ్యాస్ పొయ్యి అడుగునా పేరుకుంటుంది. మంటకు గాలి అందకుండా చేయగలిగినదీ, మంటలోకి పరాయి మూలకాన్ని చేర్చగలిగినదీ ఆ నూగే కనుక, మంట రంగుల శాస్త్రాన్ని వివరించడానికి ఇంతకంటే తగిన ఊరు దొరకడం కష్టం.

బున్సెన్ బర్నర్ నేర్పిన పాఠం

మంట రంగును మనిషి తన అదుపులోకి తెచ్చుకున్నది 19వ శతాబ్దం మధ్యలో. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన రాబర్ట్ బున్సెన్‌కు ప్రయోగాల కోసం బాగా వేడినిచ్చే, మసి పట్టించని, తనదంటూ వెలుగు దాదాపుగా లేని మంట ఒకటి కావలసి వచ్చింది. అప్పటి గ్యాస్ దీపాలన్నీ వెలుగు కోసం చేసినవి కావడంతో వాటి మంట పసుపుగా, మసి చిమ్ముతూ ఉండేది. బున్సెన్ ఆలోచనకు విశ్వవిద్యాలయ పరికరాల నిపుణుడు పీటర్ డెసాగా 1855లో రూపమిచ్చాడు. నిలువు గొట్టం అడుగున సన్నని రంధ్రం గుండా గ్యాస్ వేగంగా పైకి చిమ్ముతుంది; ఆ వేగానికి గొట్టం పక్కనున్న రంధ్రాల్లోంచి బయటి గాలి లోపలికి లాక్కోబడుతుంది; గ్యాస్, గాలి గొట్టంలోనే కలిసిపోయి, పైకొసన మండుతాయి. రంధ్రాల చుట్టూ తిరిగే పట్టీని తిప్పి ఎంత గాలి రావాలో నిర్ణయించుకోవచ్చు. ఇలా మంటకు ముందే కలిసే గాలిని ప్రాథమిక గాలి అనీ, మంట చుట్టూ ఉన్న వాతావరణం నుంచి తర్వాత అందే గాలిని ద్వితీయ గాలి అనీ అంటారు. ఈనాటి వంటింటి గ్యాస్ పొయ్యి పనిచేసేది కూడా సరిగ్గా ఈ సూత్రం మీదనే.

పట్టీ తిప్పి రంధ్రాలు పూర్తిగా మూసేస్తే మంట పొడవుగా, మెత్తగా, పసుపుగా ఊగుతుంది. కొద్దికొద్దిగా తెరుస్తూ పోతే పసుపు తగ్గి, మంట పొట్టిదై, నీలంగా మారి, చివరికి మధ్యలో ముదురు నీలపు శంకువు ఒకటి స్పష్టంగా ఏర్పడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ వేడి ఆ లోపలి శంకువు కొసకు కాస్త పైన ఉంటుంది. అక్కడ ఉష్ణోగ్రత దాదాపు 1,500 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా చేరుతుంది. ఈ మార్పులో గ్యాస్ మారలేదు, గొట్టం మారలేదు, మారినది గాలి ఒక్కటే.

నీలం ఎందుకు, పసుపు ఎందుకు

నీలి మంట ఎక్కువ వేడిగా ఉంటుంది కనుకనే నీలంగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నక్షత్రాల విషయంలో ఆ మాట నిజం. బాగా వేడెక్కిన నక్షత్రం నీలంగా, తక్కువ వేడి ఉన్నది ఎర్రగా కనిపిస్తుంది. కాని గ్యాస్ మంటకు ఆ నియమం వర్తించదు. పాతకాలపు విద్యుత్ బల్బులో టంగ్‌స్టన్ తీగ సుమారు 2,400 డిగ్రీల వద్ద కూడా పసుపు ఛాయతోనే వెలుగుతుంది. అంతకన్నా చల్లనైన మంట కేవలం వేడి వల్ల నీలంగా ఉండే అవకాశమే లేదు. మంటలోని నీలానికి మూలం వేరే ఉంది. ఇంధన అణువులు ఆక్సిజన్‌తో కలిసే క్రమంలో ముక్కలవుతూ, క్షణంలో పుట్టి క్షణంలో నశించే చిన్న చిన్న ఖండాలుగా మారతాయి. ఒక కార్బన్, ఒక హైడ్రోజన్ కలిసి ఉన్న ఖండం 431 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఊదా కలిసిన నీలి కాంతిని విడుదల చేస్తుంది. రెండు కార్బన్‌లు జతగా ఉన్న ఖండం 470 నుంచి 516 నానోమీటర్ల ప్రాంతంలో నీలి ఆకుపచ్చ కాంతిని ఇస్తుంది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. కంటికి కనిపించే కాంతి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉంటుంది. రెండు కార్బన్‌ల ఖండం ఇచ్చే ఈ కాంతిపట్టీలను 1850ల్లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త విలియం స్వాన్ వివరించినందున వాటికి స్వాన్ పట్టీలని పేరు వచ్చింది. అంటే నీలి శంకువు, గ్యాస్ విడిపోయి ఆక్సిజన్‌తో కలిసిపోతున్న చోటుకు గుర్తు.

గాలి చాలనప్పుడు జరిగేది ఇంకొకటి. కార్బన్ ఖండాలకు ఆక్సిజన్ దొరకక, అవి ఒకదానితో ఒకటి కలిసి, అతి సూక్ష్మమైన మసి రేణువులుగా పెరుగుతాయి. ఆ రేణువులు ఘనపదార్థం కనుక, కొలిమిలో కాలిన ఇనుము లాగే వేడికి వెలుగుతాయి. వెయ్యి డిగ్రీలు దాటిన ఘనపదార్థపు వెలుగు నారింజ కలిసిన పసుపు రంగులో ఉంటుంది. కొవ్వొత్తి, కిరోసిన్ దీపం, ప్రమిద అన్నీ ఇచ్చేది ఈ వెలుగే. మంటకు వెలుగు వచ్చేది దానిలోని ఘనమైన కార్బన్ రేణువుల వల్లనేనని 19వ శతాబ్దం రెండో దశకంలోనే హంఫ్రీ డేవీ గ్రహించాడు. దీపంలో ఈ పసుపు వరమే, ఎందుకంటే అక్కడ కావలసినది వెలుగు. పొయ్యిలో అది నష్టం, ఎందుకంటే మండకుండా మిగిలిన కార్బన్ గిన్నె అడుగున మసిగా పడుతుంది, ఇవ్వవలసిన వేడి ఇవ్వదు, అన్నిటికన్నా ముఖ్యంగా సగం మండిన కార్బన్ విషవాయువుగా గదిలోకి చేరుతుంది.

వంటింటి పొయ్యి, దూది నూగు

గ్యాస్ పూర్తిగా మండడానికి ఎంత గాలి కావాలో తెలిస్తే, చిన్న అడ్డంకి ఎంత పెద్ద తేడా తెస్తుందో అర్థమవుతుంది. సిలిండర్‌లో వచ్చే ఎల్‌పీజీ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే ఘనపరిమాణంలో దాదాపు 24 పాళ్ల గాలి కావాలి. బ్యూటేన్‌కు దాదాపు 31 పాళ్లు కావాలి. గొట్టాల ద్వారా ఇళ్లకు వచ్చే సహజవాయువులో ప్రధానమైన మీథేన్‌కు తొమ్మిదిన్నర పాళ్లు చాలు. ఈ తేడా వల్లనే సిలిండర్ పొయ్యికీ, పైపు గ్యాస్ పొయ్యికీ గ్యాస్ చిమ్మే రంధ్రం, అంటే జెట్, వేర్వేరు కొలతల్లో ఉంటుంది. పైపు గ్యాస్ కోసం అమర్చిన జెట్‌కు పెద్ద రంధ్రం ఉంటుంది కనుక, దానికి సిలిండర్ తగిలిస్తే గ్యాస్ అవసరానికి మించి వచ్చి, గాలి చాలక, మంట పసుపుగా లేస్తుంది. సిలిండర్ జెట్‌తో పైపు గ్యాస్ వాడితే మంట నీరసిస్తుంది. ఇల్లు మారినప్పుడో, సిలిండర్ నుంచి పైపు కనెక్షన్‌కు మారినప్పుడో జెట్‌లు మార్పించుకోవలసిన అవసరం ఇందుకే వస్తుంది.

బర్నర్ కింద, జెట్ పక్కనే, గాలి లోపలికి వెళ్లే నోరు ఉంటుంది. గాలితో పాటు గదిలోని నూగు కూడా ఆ ప్రవాహానికే లాగబడి, ఆ నోటి దగ్గర, దాని వెనుక ఉండే గొట్టం లోపల పొరలు పొరలుగా పేరుకుంటుంది. వంటింటి నూనె ఆవిరి తోడైతే ఆ పొర మెత్తని గుడ్డలా అతుక్కుపోతుంది. ఏ ఊళ్లోనైనా పొయ్యిలకు ఈ బెడద ఉన్నదే అయినా, సాంచాల పక్కన కాపురం ఉన్న ఇళ్లలో గాలిలో నూగు ఎక్కువ కావడంతో అది త్వరగా పేరుకుంటుంది. గాలి నోరు సగం మూసుకుపోయిన పొయ్యి, పట్టీ తిప్పి రంధ్రాలు మూసిన బున్సెన్ బర్నర్‌తో సమానం. మంట పొడవై, కొసలు పసుపుపచ్చగా మారి, గిన్నె అడుగు నల్లబడుతుంది.

ఈ స్థితిలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, గొంతులో గరగర కూడా ఉండదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా ఈ వాయువుతో 200 రెట్లకు పైగా ఎక్కువ ఆకర్షణ ఉండటం వల్ల, కొద్ది మోతాదులో పీల్చినా అది ఆక్సిజన్‌ను తోసిపుచ్చి ఆ స్థానం ఆక్రమిస్తుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు దాని లక్షణాలు; మూసిన గదిలో మోతాదు పెరిగితే ప్రాణమే పోతుంది. గ్యాస్‌లో కలిపే దుర్వాసన లీకేజీని పట్టిస్తుంది కాని, గ్యాస్ సగం మండి పుట్టిన ఈ వాయువును పట్టించదు. ఖరీదైన పరికరం లేని ఇంట్లో, దాని రాకను ముందుగా సూచించగలిగిన గుర్తుల్లో మంట పసుపు రంగు ఒకటి. కిటికీ లేని ఒంటిగది ఇంట్లో, తలుపు వేసుకుని వండుకునే చలికాలపు రాత్రి, ఆ గుర్తును పట్టించుకోకపోవడం ప్రమాదకరం.

ఉప్పు పసుపు

ఇక రెండో కారణం. పొయ్యి మీద అన్నం పొంగి నీళ్లు మంటలో పడినప్పుడు నీలి మంట ఒక్కసారిగా నారింజ పసుపుగా మెరిసి, మరు నిమిషంలో మళ్లీ నీలమవుతుంది. అక్కడ గాలి తగ్గలేదు. నీళ్లలోని ఉప్పు మంటలోకి వెళ్లింది. ఉప్పులోని సోడియం పరమాణువు మంట వేడికి శక్తి పుంజుకున్నప్పుడు, దాని వెలుపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎక్కి, సెకనులో పది కోట్లవ వంతు స్థాయి కాలంలోనే మళ్లీ కిందికి దిగుతుంది. దిగేటప్పుడు విడిచే శక్తి ఎప్పుడూ ఒకే పరిమాణంలో ఉంటుంది కనుక, వెలువడే కాంతి కూడా ఎప్పుడూ ఒకే రంగులో, 589.0, 589.6 నానోమీటర్ల వద్ద రెండు పక్కపక్క గీతలుగా ఉంటుంది. ప్రతి మూలకంలోనూ ఎలక్ట్రాన్ల మెట్లు వేరే ఎత్తుల్లో ఉండటంతో ప్రతి మూలకానికీ తనదైన రంగు ఉంటుంది: లిథియం, స్ట్రాన్షియం ఎరుపు, కాల్షియం ఇటుక ఎరుపు, బేరియం లేత ఆకుపచ్చ, రాగి నీలం కలిసిన ఆకుపచ్చ, పొటాషియం లేత ఊదా. వీటిలో కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం రంగులు చాలావరకు మంటలో ఏర్పడే వాటి సమ్మేళనాల అణువుల నుంచి వస్తాయి. దీపావళి బాణాసంచాలో కనిపించే రంగుల వెనుక ఉన్నదీ ఈ మూలకాలే.

వీటన్నిటిలో సోడియంది మొండి రంగు. అత్యల్ప పరిమాణంలో ఉన్నా మిగతా వాటిని కప్పేస్తుంది. హైడెల్‌బర్గ్‌లోనే బున్సెన్, ఆయన సహచరుడు భౌతికశాస్త్రవేత్త గుస్తావ్ కిర్చాఫ్ 1860లో ప్రకటించిన పరిశోధనలో దీన్ని కొలిచి చూపారు. సుమారు 60 ఘనపు మీటర్ల గదిలో ఒక మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్‌ను మండించి, దూరాన వెలుగుతున్న బర్నర్ మంటను వర్ణపటదర్శిని గుండా చూస్తే, కొద్ది నిమిషాల్లోనే సోడియం గీత మెరిసింది. కాంతిని దానిలోని రంగులుగా విడదీసి చూపే పరికరమే వర్ణపటదర్శిని. అలా విడిపోయిన రంగుల వరుసను వర్ణపటం అంటారు. మిల్లీగ్రాములో 30 లక్షల వంతు కన్నా తక్కువ సోడియాన్ని కూడా మంట పట్టించగలదని ఆ ఇద్దరూ లెక్కగట్టారు. దుమ్ము పట్టిన పుస్తకాన్ని దగ్గరలో దులిపినా మంటలో సోడియం గీత మెరిసేదని వారు గుర్తించారు.

దుమ్ము పట్టిన పుస్తకానికే అంత ప్రభావం ఉంటే, సాంచాల ఊరి గాలి సంగతి చెప్పనక్కర లేదు. పడుగు నూలు తెగకుండా పట్టించే గంజిలో పిండి పదార్థాలతో పాటు సీఎంసీ అని పిలిచే సెల్యులోజ్ గంజి పదార్థాన్ని కూడా వాడతారు. అది రసాయనికంగా సోడియం లవణమే. మనిషి చెమటలో ఉన్నదీ సోడియం క్లోరైడే. నూగుతోపాటు రాలిన గంజి పొడి మంట దాకా వెళితే అక్కడక్కడా నారింజ రవ్వలు మెరవడం సహజం. ముడి పత్తిని పూర్తిగా కాల్చితే దాని బరువులో సుమారు నూటికి ఒక వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో ఎక్కువగా ఉండే లోహం పొటాషియం. పొటాషియం ఊదా రంగును సోడియం పసుపు మింగేస్తుంది కనుక అది మామూలు కంటికి కనిపించదు. ప్రయోగశాలల్లో కోబాల్ట్ నీలి గాజును అడ్డుపెట్టి చూస్తారు. ఆ గాజు పసుపును ఆపేసి, పొటాషియం కాంతిని వదులుతుంది.

రెండు పసుపులనూ విడిగా గుర్తించడానికి ఇంట్లో వాళ్లకు పరికరం అవసరం లేదు. ఉప్పు వల్లనో దుమ్ము వల్లనో వచ్చిన పసుపు అక్కడక్కడా రవ్వల్లా మెరిసి పోతుంది. మంట ఆకారం చెదరదు, లోపలి నీలి శంకువు స్పష్టంగా నిలిచి ఉంటుంది, గిన్నె నల్లబడదు. గాలి కొరత వల్ల వచ్చిన పసుపు స్థిరంగా ఉంటుంది. మంట కొసలు పొడవుగా సాగి ఊగుతాయి, నీలి శంకువు అస్పష్టమవుతుంది, గిన్నె అడుగున మసి పడుతుంది. మొదటిది నిరపాయకరం, రెండోది కనిపిస్తే పొయ్యి ఆపవలసిందే.

బట్ట మీద మంట

మగ్గం నుంచి దిగిన ముడి బట్టను వ్యాపారంలో గ్రే అంటారు. దాని పైన సన్నని పోచలు లేచి ఉంటాయి. వాటిని అలాగే వదిలేస్తే అద్దకంలో రంగు సమంగా పట్టదు, అచ్చు వేసిన గీత పదునుగా రాదు, కొన్నాళ్లకు బట్ట మీద చిన్న చిన్న ఉండలు కడతాయి. అందుకే ప్రాసెస్ హౌస్‌లలో తొలి దశల్లోనే ఆ బట్టను గ్యాస్ మంట మీదుగా, నిమిషానికి వంద మీటర్లకు అటూఇటూ వేగంతో పరుగెత్తించి, బట్ట కాలకుండా పోచలు మాత్రం కాలిపోయేలా చేస్తారు. ఈ పనిని సింజింగ్ అంటారు. మంట దాటిన వెంటనే బట్టను నీళ్లలోనో, గంజి తీసే ద్రావణంలోనో ముంచి, మిగిలిన నిప్పురవ్వలను ఆర్పుతారు.

సింజింగ్ యంత్రంలో మంట రంగు మీద కన్నేసి ఉంచడం పనివాడి మొదటి బాధ్యత. గాలి, గ్యాస్ సరైన పాళ్లలో కలిసిన నీలి మంట పోచను దాని మొదలు దాకా కాలుస్తుంది. గాలి తగ్గి పసుపెక్కిన మంట పోచను సగమే కాల్చి, పైగా బట్ట మీద మసి పూస్తుంది, ఆ మసి తర్వాతి ఉతుకులో సులువుగా పోదు. పత్తి, పాలియెస్టర్ కలిసిన బట్టకు ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే పాలియెస్టర్ పోచ కరిగి కొసన చిన్న పూసలా గడ్డకడుతుంది, ఆ పూస అద్దకంలో మిగతా పోగు కన్నా ముదురు రంగు పట్టి చుక్కలా కనిపిస్తుంది. గంజిలోని సోడియం, కాలుతున్న పోచ రెండూ కలిసి బట్ట తగిలే చోట మంటకు నారింజ అంచు రావడం మామూలే కనుక, బర్నర్ ఆరోగ్యం తెలుసుకోవాలంటే పైన బట్ట లేనప్పుడు మంటను చూడాలి.

నూలు ఏ రకమో తేల్చే పరీక్షలో కూడా మంట సాక్ష్యం చెబుతుంది. పత్తి పోగు కాగితం కాలిన వాసనతో గబగబా మండి, మెత్తని బూడిద మిగులుస్తుంది. పాలియెస్టర్ మంట నుంచి వెనక్కి ముడుచుకుని, కరిగి, నల్లని పొగ వదిలి, గట్టి పూసగా మిగులుతుంది. పాలియెస్టర్ అణువులో కార్బన్ వలయాలు ఎక్కువగా ఉండటంతో అది పూర్తిగా మండలేకపోవడమే ఆ నల్లని పొగకు కారణం. అక్కడా కనిపించేది మొదటి సూత్రమే: ఎంత కార్బన్‌కు ఎంత గాలి.

గుంటూరులో మెరిసిన పసుపు గీత

పసుపు నుంచి పసుపును వేరుచేసే ఈ విద్య ఎంత దూరం తీసుకువెళుతుందో చూపిన ఘట్టాల్లో ఒకటి తెలుగు నేల మీదనే జరిగింది. జర్మనీ శాస్త్రవేత్త జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ 1814లో సూర్యకాంతి వర్ణపటంలో నల్లని గీతలను గుర్తించి, వాటిలో పసుపు భాగంలోని జంటకు డి అనే అక్షరం పెట్టాడు. ఆ నల్లని జంట, మంటలో సోడియం ఇచ్చే పసుపు జంట ఒకే స్థానంలో ఉన్నాయని, సూర్యుడి వెలుపలి వాయువుల్లోని సోడియం ఆ కాంతిని మింగడం వల్లనే అక్కడ నలుపు ఏర్పడిందని 1859లో కిర్చాఫ్ తేల్చాడు. ప్రయోగశాల మంటకు పట్టిన రంగు సూర్యుడిలోని పదార్థానికి ఆనవాలుగా మారింది. అదే పద్ధతిలో బున్సెన్, కిర్చాఫ్ 1860లో సీజియంను, 1861లో రుబీడియంను కొత్త మూలకాలుగా కనుగొన్నారు. ఈ రెండింటినీ మొదట పట్టించినవి వాటి వర్ణపట గీతలే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఆంధ్ర తీరం మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరుకు వచ్చి వర్ణపటదర్శినిని సూర్యుడి అంచున లేచే జ్వాలల మీద నిలిపాడు. బ్రిటిష్ సైనికాధికారి టెన్నెంట్ కూడా గుంటూరులోనే పరిశీలించాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. ఆ జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు కనిపించాయి, అంటే అవి వేడెక్కి వెలుగుతున్న వాయువులేనని రుజువైంది. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా వాటిని చూడవచ్చని జాన్సెన్ మరునాడే గుంటూరులో చూపించాడు. ఆ గీతల్లో పసుపు భాగంలోనూ ఒకటి ఉంది. చూడగానే అది సోడియం గీతే అనిపించడం సహజం. అదే ఏడాది అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకయర్ గ్రహణం అవసరం లేకుండానే ఆ గీతను పరిశీలించినప్పుడు, అది సోడియం జంటకు పక్కన, వేరే స్థానంలో ఉన్నదని స్పష్టమైంది. సోడియం గీతలు 589 నానోమీటర్ల దగ్గర ఉంటే, ఇది 587.6 దగ్గర ఉంది. ఆ ఒకటిన్నర నానోమీటర్ల తేడా వెనుక భూమి మీద అప్పటికి ఎవరూ ఎరుగని మూలకం ఉంది. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే గీతను చూసి, హీలియం భూమి మీద కూడా ఉన్నదని రుజువు చేశాడు.

వర్ణపటదర్శిని గుండా చూసినప్పుడు మసి పసుపు ఎరుపు నుంచి ఊదా వైపు ఎక్కడా తెగకుండా పరచుకున్న రంగుల పట్టీగా కనిపిస్తుంది. సోడియం పసుపు సన్నని జంట గీతగా నిలుస్తుంది. హీలియం పసుపు దాని పక్కన మరో గీతగా మెరుస్తుంది. కంటికి ఒకటే అనిపించిన మూడు పసుపులు అక్కడ మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి. ఆసుపత్రి ప్రయోగశాలల్లో రక్తంలోని సోడియం, పొటాషియం పాళ్లను కొలవడానికి దశాబ్దాల పాటు వాడిన ఫ్లేమ్ ఫోటోమీటర్ కూడా మంటలో ఆ రెండు మూలకాల వెలుగు తీవ్రతను కొలిచే యంత్రమే.

చేయవలసినవి

సాంచాల ఊళ్లో కాపురం ఉన్న ప్రతి ఇంటికీ ఈ శాస్త్రం నుంచి దక్కవలసిన ప్రయోజనం ఒకటి ఉంది. నెలకు ఒకసారైనా సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ మూసి, పొయ్యి పూర్తిగా చల్లారాక, బర్నర్ తలను తీసి రంధ్రాలు శుభ్రం చేయాలి. అడుగున గాలి వెళ్లే నోటి దగ్గర పేరుకున్న నూగును పొడి బ్రష్‌తో తుడవాలి. జెట్ రంధ్రంలో సూది దూర్చి పెద్దది చేయకూడదు, ఎందుకంటే రంధ్రం పెరిగితే గ్యాస్ పెరుగుతుంది, గాలి చాలక మంట మళ్లీ పసుపెక్కుతుంది. శుభ్రం చేసినా పసుపు పోకపోతే గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌ను పిలవాలి. వండుతున్నంతసేపూ కిటికీనో తలుపునో తెరిచి ఉంచాలి. వంటింట్లో పొయ్యి వెలుగుతుండగా తలనొప్పి, వికారం, మగత మొదలైతే వెంటనే పొయ్యి ఆపి, అందరూ బయటి గాలిలోకి వచ్చి, వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

తెలుగు పిల్లలు చదివే బడుల్లో, అది భివండీలోనైనా సిరిసిల్లలోనైనా, సైన్సు ఉపాధ్యాయులు మంట రంగుల పాఠాన్ని పుస్తకంలోని పట్టికగా వదిలేయకుండా, బర్నర్ పట్టీ తిప్పి, తీగ మీద ఉప్పు పెట్టి, రెండు పసుపులనూ పక్కపక్కన చూపించాలి. ఆ తేడాను బడిలో కళ్లారా చూసిన పిల్ల, ఇంట్లో పొయ్యి మంట పసుపెక్కిన రోజున అమ్మను హెచ్చరించగలుగుతుంది. నీలి మంట ఆరోగ్యం, నిలిచిన పసుపు మంట హెచ్చరిక: ఈ ఒక్క వాక్యం ప్రతి వంటింటికీ చేరాలి.